పక్షవాతంలో రక్తప్రసరణ పునరుద్ధరణ తర్వాత మెదడు రక్షణ

మెదడుకు రక్తం చేరవేసే ధమనిలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చే పక్షవాతాన్ని వైద్యులు ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. ఆ గడ్డను మందుతో కరిగించడం, లేదా గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగేయడం నేటి ప్రధాన చికిత్సలు. రెండింటి లక్ష్యమూ ఆగిన రక్తాన్ని మళ్లీ పారించడమే. అయితే చాలాసేపు రక్తం లేక నీరసించిన కణజాలంలోకి రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు, అంతకుముందు లేని కొత్త నష్టం కొంత మొదలవుతుంది. దీనికి రీపెర్ఫ్యూజన్ గాయం అని పేరు. ఈ నష్టాన్ని అరికట్టడానికీ, రక్తం తిరిగి వచ్చేదాకా కణాలను బతికించడానికీ చేసే ప్రయత్నాలను కలిపి న్యూరోప్రొటెక్షన్, అంటే మెదడు రక్షణ, అంటారు. దశాబ్దాలుగా వందల పదార్థాలను పరీక్షించినా, ప్రపంచమంతా ప్రామాణిక చికిత్సగా ఒప్పుకున్న రక్షక ఔషధం ఒక్కటి కూడా రాలేదు. దీనికి శాస్త్రం తప్పని కొందరు, పరీక్షల తీరు తప్పని మరికొందరు కారణాలు చెబుతారు. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడో సమాధానం కనిపిస్తుంది. రీపెర్ఫ్యూజన్ గాయం ఒకే జబ్బు కాదు. నిమిషాల్లో, గంటల్లో, రోజుల్లో వేర్వేరుగా నడిచే, కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురు తిరిగే ప్రక్రియల సమూహం అది. దాన్ని ఒకే శత్రువుగా భావించి ఒకే ఆయుధంతో కొట్టబోవడమే వరుస ఓటములకు ముఖ్యకారణం.

ధమని తెరవడం వల్ల ఒరిగినది

మనిషి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. దానికి చెప్పుకోదగ్గ ఇంధన నిల్వలు లేవు. ప్రతి 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంటుంది. అది 20కి దరిదాపుల్లోకి పడిపోతే నాడీకణాల విద్యుత్ చర్య ఆగుతుంది. 10కి పడిపోతే కణపొరలు అయాన్లను అదుపులో పెట్టుకోలేక కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఈ రెండు హద్దుల మధ్య చిక్కుకున్న భాగం పని చేయదు, కానీ ఇంకా చావలేదు. 1981లో ఆస్ట్రప్, సీస్యో, సైమన్ అనే శాస్త్రవేత్తలు ఆ భాగాన్ని పెనంబ్రా అన్న భావనగా వివరించారు. పక్షవాత చికిత్స అంతా ఈ పెనంబ్రాను కాపాడుకునే పోరాటమే. పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు చికిత్స లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు.

గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ మందును మూడు గంటల్లోపు ఇస్తే ఫలితం ఉంటుందని 1995లో అమెరికాలోని ఎన్ఐఎన్‌డీఎస్ అధ్యయనం నిరూపించింది. 2008లో ఐరోపాలో జరిగిన ఈకాస్-3 ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. గడ్డను లాగేసే థ్రాంబెక్టమీకి 2015 మలుపు. ఆ ఏడాది వెలువడిన ఐదు అధ్యయనాల్లోని 1,287 మంది వివరాలను కలిపి విశ్లేషించగా, మూడు నెలల తర్వాత సొంతంగా పనులు చేసుకోగలిగినవారు థ్రాంబెక్టమీ వర్గంలో 46 శాతం, మందులకే పరిమితమైన వర్గంలో 26.5 శాతం అని తేలింది. 2018లో వచ్చిన డాన్ అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. లక్షణాల తీవ్రతను స్కాన్‌తో పోల్చి పెనంబ్రా మిగిలి ఉందని అంచనా వేసిన రోగులను ఎంపిక చేసి 6 నుంచి 24 గంటల మధ్య చికిత్స చేస్తే, స్వతంత్రంగా బతకగలిగినవారు 13 శాతం నుంచి 49 శాతానికి పెరిగారు. వైద్యంలో ఇంత పెద్ద మేలు చేసిన చికిత్సలు అరుదు.

ఆ ఐదు అధ్యయనాల ఉమ్మడి విశ్లేషణలోనే ఇంకో అంకె ఉంది. థ్రాంబెక్టమీ పొందినవారిలో 71 శాతం మందికి ధమని బాగా తెరుచుకుంది, కానీ స్వతంత్రులైనవారు 46 శాతమే. ధమని తెరుచుకున్నా మనిషి తేరుకోని ఈ స్థితిని నిష్ఫల పునరుద్ధరణ అంటారు. ఈ వ్యత్యాసమంతా రీపెర్ఫ్యూజన్ గాయం ఖాతాలో వేయకూడదు. చికిత్స మొదలయ్యే సరికే చనిపోయిన భాగం, రోగి వయసు, పూర్వపు జబ్బులు, ఆసుపత్రిలో వచ్చే న్యుమోనియా వంటివీ అందులో ఉన్నాయి. వాటిని తీసేసినా మిగిలేది కొంత ఉంటుంది. రక్షక ఔషధాల పరిశోధన గురిపెట్టేది ఆ మిగిలిన భాగం మీదే.

గాయం పుట్టే తీరు

మొదటి అంకం నిమిషాల్లో నడుస్తుంది. రక్తం ఆగగానే కణంలో శక్తి నిల్వ అడుగంటుతుంది, సోడియం, పొటాషియంలను నడిపే పంపులు ఆగిపోతాయి. నాడీకణాలు గ్లూటమేట్ అనే రసాయనాన్ని అదుపు లేకుండా కుమ్మరిస్తాయి, దాని ప్రేరణతో పొరుగు కణాల్లోకి కాల్షియం వరదలా చొరబడుతుంది. అతిప్రేరణతో కణాలు చనిపోయే ఈ తీరును 1969లో జాన్ ఓల్నీ ఎక్సైటోటాక్సిసిటీగా వర్ణించారు. ఇంతవరకూ రక్తం ఆగడం వల్ల జరిగిన కీడే. రక్తం తిరిగొచ్చాక జరిగేది వేరు. ఆక్సిజన్ లేనప్పుడు మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుపోతుందనీ, ఆక్సిజన్ అందగానే అది చరచరా దహనమై ఎలక్ట్రాన్లను ఎదురుదిశలో నెడుతుందనీ, ఆ క్రమంలో విధ్వంసక ఆక్సిజన్ రూపాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయనీ 2014లో కేంబ్రిడ్జ్‌లోని మైకేల్ మర్ఫీ తదితరులు నేచర్ పత్రికలో చూపించారు. ఈ ఆక్సీకరణ దెబ్బకు తోడు కణంలో అప్పటికే నిండిన కాల్షియం కూడా కలిసి మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకునేలా చేస్తుంది. ఆ రంధ్రాలు మూసుకోకపోతే కణం ఇక బతకదు. ప్రాణం పోసే ఆక్సిజనే ఈ ఘట్టంలో విషమవుతుంది.

రెండో అంకం గంటల్లో, కణాల్లో కాక రక్తనాళాల్లో నడుస్తుంది. మెదడులోని సూక్ష్మనాళాల గోడకణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, రక్తంలోని అనేక పదార్థాలను మెదడులోకి రానివ్వని కంచెలా పని చేస్తాయి. ఎంఎంపీ-9 వంటి ఎంజైములు ఆ అతుకులను కోసేస్తాయి. అప్పుడు నీరు బయటికి ఊరి వాపు వస్తుంది, ఎర్రకణాలు కూడా బయటపడితే రక్తస్రావం అవుతుంది. అదే సమయంలో దీనికి పూర్తిగా విరుద్ధమైన మరో ఘటన జరగవచ్చు. నాళాల చుట్టూ ఉండే ఆస్ట్రోసైట్ల కొనలు ఉబ్బి నాళాన్ని బయటి నుంచి నొక్కుతాయి, కేశనాళికలకు చుట్టుకుని ఉండే పెరిసైట్ కణాలు బిగుసుకుపోతాయి, తెల్లరక్తకణాలు ఇరుకు దారుల్లో ఇరుక్కుంటాయి. ధమని తెరిచినా పెరిసైట్లు సంకోచించే ఉంటాయని టర్కీలోని తుర్గాయ్ దాల్కారా బృందం 2009లో ఎలుకల్లో నిరూపించింది. కుందేళ్ల మెదడులో రక్తప్రసరణ ఆపి మళ్లీ వదిలినా కొన్ని భాగాలకు రక్తం చేరడం లేదని ఏమ్స్, సహచరులు 1968లోనే గమనించారు. పెద్ద కాలువ తూము ఎత్తినా పిల్లకాలువల్లో పూడిక ఉంటే చివరి మడికి నీరందదు. ఇది సరిగ్గా అలాంటి స్థితి. కాబట్టి ధమని తెరుచుకున్న మెదడులో ఒక ప్రాంతం రక్తం ఎక్కువై దెబ్బతింటుంటే, పక్క ప్రాంతం రక్తం అందక దెబ్బతింటూ ఉండవచ్చు.

మూడో అంకం రోజుల పాటు సాగే వాపు ప్రతిచర్య. చనిపోయిన కణాల నుంచి చిమ్మిన అవశేషాలు టీఎల్ఆర్-4 వంటి గ్రాహకాలను తట్టిలేపుతాయి, మెదడు నివాసి కణాలైన మైక్రోగ్లియా, బయటి నుంచి వచ్చే న్యూట్రోఫిల్స్ రంగంలోకి దిగుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. శిథిలాలను తొలగించేదీ, మరమ్మతును మొదలుపెట్టేదీ ఇదే సైన్యం. మొదటి గంటల్లో కంచెను కోసే ఎంఎంపీలే వారం తర్వాత కొత్త రక్తనాళాలు మొలకెత్తడానికి అవసరమవుతాయి. ఎలుకల్లో పక్షవాతం వచ్చిన ఏడో రోజున వాటిని అణచివేస్తే గాయం పెరిగిందని 2006లో హార్వర్డ్‌కు చెందిన ఇంగ్ లో బృందం నిరూపించింది. ఒకే అణువు ఒకరోజు శత్రువు, మరోరోజు మిత్రుడు కాగలదంటే, ఏ అణువును అడ్డుకోవాలన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, ఎప్పుడు అడ్డుకోవాలో కూడా తేలాలి.

మనుషుల్లో ఇది నిజమేనా?

ఇదంతా ప్రయోగశాల జంతువుల కథ, రోగుల్లో రీపెర్ఫ్యూజన్ గాయం ఉన్నట్టు రుజువేమిటి అన్నది న్యాయమైన ఆక్షేపణ. ఎలుకల్లో కొన్ని గంటల తర్వాత ధమనిని తెరిస్తే, శాశ్వతంగా మూసి ఉంచిన ఎలుకల కంటే చనిపోయిన భాగం పెద్దదైందని 1997లో హ్యూస్టన్‌లోని అరోనోవ్‌స్కీ బృందం ప్రచురించింది. మనుషుల మీద అటువంటి ప్రయోగం చేయలేం. పరోక్ష సాక్ష్యాలు మాత్రం బలంగానే ఉన్నాయి. ఎంఆర్ఐ తీసేటప్పుడు ఇచ్చే కాంట్రాస్ట్ ద్రవ్యం మెదడు ఉపరితలపు ద్రవంలోకి ఊరడం కంచె తెగిందనడానికి గుర్తు. 2004లో లాటూర్, వారాక్ తదితరులు తమ రోగుల్లో మూడో వంతు మందిలో ఈ గుర్తును చూశారు. రక్తప్రసరణ తిరిగి వచ్చినవారిలో అది ఎక్కువగా ఉంది, తర్వాతి రక్తస్రావంతోనూ దానికి సంబంధం ఉంది. రక్తస్రావమే అన్నిటికన్నా ప్రత్యక్ష సాక్ష్యం. 1995 నాటి అధ్యయనంలో లక్షణాలు కనిపించేంత రక్తస్రావం ఆల్టెప్లేజ్ పొందినవారిలో 6.4 శాతానికి, పొందనివారిలో 0.6 శాతానికి వచ్చింది. ఇందులో గడ్డ కరిగించే మందు సొంత పాత్ర కూడా ఉంది, అంతా రక్తప్రసరణ మీదికి నెట్టలేం.

ఆక్షేపణకు రెండో ముఖం కూడా ఉంది. తెరిస్తే గాయమవుతుందంటే, ఆలస్యంగా వచ్చినవారికి అసలు తెరవకపోవడమే మేలు కదా అని కొందరు చాలాకాలం వాదించారు. జపాన్‌లో జరిగి 2022లో వెలువడిన రెస్క్యూ-జపాన్ లిమిట్ అధ్యయనం దీనికి సమాధానం ఇచ్చింది. అప్పటికే మెదడులో పెద్ద భాగం దెబ్బతిన్న రోగులను అందులో తీసుకున్నారు. థ్రాంబెక్టమీ వర్గంలో ఏదో ఒక స్థాయి రక్తస్రావం 58 శాతం మందిలో కనిపించింది, రెండో వర్గంలో 31.4 శాతంలో. అయినా కనీసం ఇతరుల ఆసరా లేకుండా నడవగలిగిన స్థాయికి చేరినవారు థ్రాంబెక్టమీ వర్గంలోనే ఎక్కువ, 12.7 శాతానికి ఎదురుగా 31 శాతం. గాయం నిజమే, దాని జాడ స్కాన్‌లో కనిపిస్తూనే ఉంది. కానీ తెరవడం వల్ల కలిగే మేలు ముందు అది చిన్నది. ఏ చర్చలోనూ తప్పకూడని తొలి హద్దు ఇది. మెదడు రక్షణ పేరుతో ధమని తెరవడాన్ని ఒక్క నిమిషం ఆలస్యం చేసినా, కాపాడేదానికంటే పోగొట్టుకునేదే ఎక్కువ.

మందుల ఓటములు చెప్పేది

2006లో ఆస్ట్రేలియాకు చెందిన ఓకాలిన్స్ బృందం అప్పటివరకూ పరీక్షకు వచ్చిన పక్షవాత చికిత్సలను లెక్కబెడితే 1,026 తేలాయి. వాటిలో 114 మనుషుల దాకా వచ్చాయి. జంతువుల్లో గెలిచి మనుషుల్లో ఓడిపోవడం ఈ రంగంలో రివాజుగా మారింది. అందుకే 1999లోనే స్టెయిర్ పేరుతో శాస్త్రవేత్తలు, ఔషధ సంస్థలు కలిసి ప్రయోగ నియమాలు రూపొందించాయి. వాటికి అనుగుణంగా ఉందని పేరుపడ్డ ఎన్ఎక్స్‌వై-059 అనే ఫ్రీ రాడికల్ (విధ్వంసక ఆక్సిజన్ రూపాల వంటి అణువుల) నిరోధకం 2006లో మొదటి పెద్ద అధ్యయనంలో స్వల్ప ప్రయోజనం చూపింది. 3,300 మందికి పైగా పాల్గొన్న రెండో అధ్యయనంలో, 2007లో, ఆ ప్రయోజనం మాయమైంది. 2012లో వెలువడిన ఇక్టస్ అధ్యయనంలో 2,298 మంది మీద సిటికోలిన్‌ను పరీక్షించినా, ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా కనిపించలేదు.

ఈ వైఫల్యాలకు చాలాకాలం ఒక సమర్థన వినిపించింది. ఆ రోజుల్లో ఎక్కువమంది రోగుల ధమని మూసుకునే ఉండేది, మందు మెదడును చేరకుండానే ఓడిపోయింది, ఎలుకల్లో మాత్రం ధమనిని తెరిచి మందు ఇచ్చేవారు అన్నది ఆ వాదం. సమంజసమైన మాటే. థ్రాంబెక్టమీ వచ్చాక దాన్ని నేరుగా పరీక్షించే అవకాశం దొరికింది. కోతుల్లో సైతం ఫలించిన నెరినెటైడ్ అనే పెప్టైడ్‌ను 1,105 మంది థ్రాంబెక్టమీ రోగుల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద ప్రయోజనం లేదు. అయితే ఆల్టెప్లేజ్ తీసుకోని ఉపవర్గంలో స్వతంత్రులు 49.8 శాతం నుంచి 59.3 శాతానికి పెరిగారు. ఆల్టెప్లేజ్ చైతన్యపరిచే ప్లాస్మిన్ ఎంజైమ్ ఈ పెప్టైడ్‌ను ముక్కలు చేస్తుందన్న వివరణ కూడా నమ్మదగినదే. అందుకని ఆల్టెప్లేజ్ తీసుకోనివారితోనే మరో అధ్యయనం జరిపారు. 2025లో ప్రచురితమైన ఎస్కేప్-నెక్స్ట్ అనే ఆ అధ్యయనం ఏ మేలూ చూపలేదు. మూసిన ధమనే అడ్డంకి అన్న సమర్థన అంతటితో సరిపోదని తేలిపోయింది. తలుపు తెరవడం అవసరమే, కానీ చాలదు.

మరి ఏం లోపించింది? మూడు సూచనలు ఉన్నాయి. మొదటిది కాలానికి సంబంధించినది. ఎలుకలు నిశాచరులు. శాస్త్రవేత్తలు పగటిపూట, అంటే వాటి నిద్రవేళలో, ప్రయోగాలు చేస్తారు. మనుషులకు పక్షవాతం ఎక్కువగా మెలకువ వేళల్లో వస్తుంది. 2020లో ఎస్పొసీటో, లో తదితరులు మూడు రక్షక పద్ధతులను ఎలుకల మీద పగలూ రాత్రీ విడివిడిగా పరీక్షిస్తే, పగలు పనిచేసినవి రాత్రి పనిచేయలేదు. రెండో సూచన ప్రయోగ నాణ్యత గురించి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలోని స్పాన్ కూటమి ఆరు చికిత్సలను తీసుకుని, పలు ప్రయోగశాలల్లో, ముసలి, ఊబకాయ, రక్తపోటు ఉన్న జంతువులతో సహా, ఎవరికి ఏ మందు ఇచ్చారో తెలియని కట్టుదిట్టమైన పద్ధతిలో పరీక్షించింది. 2023లో వెలువడిన ఫలితాల్లో ముందే నిర్దేశించుకున్న ప్రయోజన స్థాయిని దాటింది యూరిక్ యాసిడ్ ఒక్కటే. మూడో సూచన గురి తప్పడం. రోగి మెదడులో అప్పుడు నడుస్తున్న అంకం ఏదో తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు ఇవ్వడం. దీనికి తిరుగులేని ఉదాహరణ ఏ మందులోనో కాదు, మామూలు రక్తపోటులో దొరికింది.

రక్తపోటు నేర్పిన పాఠం

ఆరోగ్యవంతుడి మెదడు రక్తపోటు పెరిగినా తగ్గినా తన నాళాలను సర్దుకుంటూ ప్రవాహాన్ని నిలకడగా ఉంచుకుంటుంది. దెబ్బతిన్న భాగంలో ఆ శక్తి పోతుంది. మెడలోని ధమని శస్త్రచికిత్స తర్వాత ఒక్కసారిగా పెరిగిన ప్రవాహంతో తలనొప్పి, మూర్ఛలు, రక్తస్రావం రావడాన్ని 1981లో సండ్ట్ బృందం అతిప్రవాహ లక్షణంగా వర్ణించింది. థ్రాంబెక్టమీ తర్వాత కూడా అదే జరుగుతుందని చాలామంది భావించారు. తర్కం శుభ్రంగా ఉంది: ధమని తెరుచుకుంది, కంచె తెగి ఉంది, కనుక రక్తపోటు తగ్గిస్తే రక్తస్రావం తగ్గాలి. పరిశీలనా అధ్యయనాల్లో రక్తపోటు తక్కువగా ఉన్నవారు బాగా కోలుకోవడం దీనికి బలం చేకూర్చింది.

యాదృచ్ఛిక అధ్యయనాలు ఈ తర్కాన్ని తలకిందులు చేశాయి. చైనాలో జరిగి 2022లో వెలువడిన ఎన్‌చాంటెడ్-2/ఎంటీ అధ్యయనంలో ధమని తెరుచుకున్నవారి పై రక్తపోటును ఒక వర్గంలో 120 మిల్లీమీటర్ల కన్నా దిగువకు తగ్గించారు, రెండో వర్గంలో 140-180 మధ్య ఉంచారు. తగ్గించిన వర్గం నష్టపోతుండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2023లో కొరియాలో జరిగిన ఆప్టిమల్-బీపీలో 140 లోపు ఉంచినవారిలో స్వతంత్రులు 39.4 శాతం, 140-180 మధ్య ఉంచినవారిలో 54.4 శాతం. ఆశించినట్టు రక్తస్రావమూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దీని అర్థం అతిప్రవాహం కట్టుకథ అని కాదు. అది కొందరిలో ఉంటుంది, మరికొందరిలో దానికి సరిగ్గా వ్యతిరేకమైన స్థితి ఉంటుంది. యాంజియోగ్రామ్‌లో ధమని పూర్తిగా తెరుచుకున్నట్టు కనిపించినా, కణజాల స్థాయిలో సుమారు నాలుగో వంతు మందికి రక్తం సరిగా చేరలేదని 2022లో ఆస్ట్రేలియాలోని ఎన్‌జీ బృందం స్కాన్‌ల ఆధారంగా చూపింది. ఈ నిష్పత్తి ఎంతన్నదానిపై ఇంకా వాదాలున్నాయి, కొలిచే పద్ధతిని బట్టి అది మారుతోంది. కానీ చుక్క రక్తం కోసం ఇంకా ఎదురుచూస్తున్న కణజాలానికి రక్తపోటు తగ్గిస్తే ఏమవుతుందో పై అంకెలే చెబుతున్నాయి. అతిప్రవాహం ఉన్నవారికి మందు అయ్యేది, అల్పప్రవాహం ఉన్నవారికి హాని అవుతుంది. ఇద్దరినీ ఒకే గంపలో వేసి సగటు తీస్తే జవాబు రాదు.

ఇదే ఆలోచన ఎదురు దిశలోనూ ఫలిస్తోంది. పిల్లనాళాల్లో చిక్కుకున్న సూక్ష్మగడ్డలను కరిగించాలని, బార్సిలోనా వైద్యులు ధమని తెరిచిన వెంటనే అందులోకే కొద్దిపాటి ఆల్టెప్లేజ్ వదిలారు. 2022లో వెలువడిన ఈ చాయిస్ అధ్యయనంలో దాదాపు పూర్తిగా కోలుకున్నవారు 40.4 శాతం నుంచి 59 శాతానికి పెరిగారు. అయితే 121 మందితోనే అది ఆగింది. 2025లో గడ్డ కరిగించే మరో మందు టీఎన్‌కేతో చైనా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో ఏంజెల్-టీఎన్‌కే ప్రయోజనాన్ని చూపితే, పోస్ట్-టీఎన్‌కే స్పష్టమైన ప్రయోజనం చూపలేదు. ఈ తేడాకు రోగుల ఎంపిక కారణం కావచ్చు. అల్పప్రవాహం ఉన్నవారినే స్కాన్‌తో గుర్తించి పరీక్షిస్తే తప్ప ఈ తగవు తీరదు.

ఆక్సిజన్, వాపు, చలి

రక్తం తిరిగి వచ్చాక ఆక్సిజన్ కీడు చేస్తుందన్నప్పుడు, రోగికి ఆక్సిజన్ పెంచడం మూర్ఖత్వమనిపిస్తుంది. కానీ 2025లో లాన్సెట్‌లో వెలువడిన చైనా అధ్యయనం ఓపెన్స్-2లో, థ్రాంబెక్టమీకి అర్హులైన 282 మందిలో ఒక వర్గానికి మాస్కు ద్వారా అధిక ఆక్సిజన్ నాలుగు గంటలపాటు ఇస్తే, మూడు నెలల తర్వాత వారి వైకల్యం తక్కువగా తేలింది. అంతకుముందు, 2017లో, బ్రిటన్‌లో 8,003 మంది మామూలు పక్షవాత రోగుల మీద కొద్దిపాటి ఆక్సిజన్‌ను పరీక్షించిన ఎస్ఓ2ఎస్ అధ్యయనంలో ఏ తేడా లేదు. రెండూ పరస్పర విరుద్ధం కావు. మొదటిదాంట్లో ధమని ఇంకా మూసి ఉండగా ఆక్సిజన్ మొదలైంది, అప్పుడది పెనంబ్రా ప్రాణాన్ని నిలబెట్టే వంతెన. రెండోదాంట్లో ఎప్పుడు ఎవరికి అన్న విచక్షణ లేదు. అదే పదార్థం, వేరే వేళ, వేరే ఫలితం.

చేతికి రక్తపోటు పట్టీ కట్టి కొన్ని నిమిషాలు రక్తాన్ని ఆపి వదలడాన్ని పదేపదే చేస్తే, దూరాన ఉన్న అవయవాలు కూడా గాయాన్ని తట్టుకునే శక్తి తెచ్చుకుంటాయన్నది రిమోట్ కండిషనింగ్ సిద్ధాంతం. చవకైన పద్ధతి కనుక ఆశ పుట్టించింది. 2022లో చైనాలోని రికామిస్ అధ్యయనంలో దాదాపు పూర్తిగా కోలుకున్నవారు 62 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగారు. కానీ రెండో వర్గానికి ఉత్తుత్తి పట్టీ కట్టలేదు. ఉత్తుత్తి పట్టీతో పోల్చి డెన్మార్క్‌లో జరిపిన రెసిస్ట్‌లో, 2023లో, ఏ ప్రయోజనమూ తేలలేదు. వాపును అణచే ప్రయత్నాలదీ ఇలాంటి కథే. 1,680 మంది మీద మిథైల్‌ప్రెడ్నిసోలోన్‌ను పరీక్షించిన చైనా అధ్యయనం మార్వెల్‌లో మొత్తం వైకల్యంలో తేడా కనబడలేదు, మరణాలు, రక్తస్రావం మాత్రం తగ్గాయి. టీఎల్ఆర్-4ను అడ్డుకునే ఆప్టాల్ అనే పదార్థం 2023 నాటి చిన్న అధ్యయనంలో ఆశాజనకంగా కనిపించింది, పెద్ద పరీక్షలో నెగ్గాల్సి ఉంది. శరీరాన్ని చల్లబరచడం పుట్టినప్పుడు ఊపిరాడని శిశువుల విషయంలో సంపన్న దేశాల్లో ప్రామాణిక చికిత్స అయినా, మేలుకుని ఉన్న పక్షవాత రోగికి అది వణుకు, న్యుమోనియా తెచ్చిపెడుతుంది. 1,500 మందితో జరగాల్సిన ఐరోపా అధ్యయనం యూరోహైప్-1 కేవలం 98 మందితో ఆగిపోయింది.

వీటి పక్కన పెట్టి చూడదగ్గది ఏ కొత్త అణువూ లేని ఒక అధ్యయనం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఆసుపత్రుల్లో నర్సులకు జ్వరం, చక్కెర, మింగే సామర్థ్యం, ఈ మూడింటినీ కట్టుదిట్టంగా చూసుకునే పద్ధతి నేర్పారు. 2011లో ఫలితం వెలువడితే, చనిపోయిన లేదా పరాధీనులైన రోగుల శాతం 58 నుంచి 42కు తగ్గింది. అలాగని చక్కెరను మరీ కిందికి దించితే అదనపు మేలేమీ లేదని 2019లో అమెరికాలోని షైన్ అధ్యయనం తేల్చింది. అతి పనికిరాదు, అశ్రద్ధా పనికిరాదు.

భారతదేశంలో ఆచరణ

జపాన్ 2001లోనే ఎడరవోన్ అనే ఫ్రీ రాడికల్ నిరోధకాన్ని పక్షవాతానికి ఆమోదించింది. దానికి డెక్స్‌బోర్నియోల్ కలిపిన రూపం చైనాలో 1,165 మందిపై జరిగిన అధ్యయనంలో, 2021లో, మెరుగైన ఫలితాలు చూపింది. భారత్‌లో ఎడరవోన్, సిటికోలిన్ రెండూ విరివిగా రాస్తారు. 2023లో మన ఔషధ నియంత్రణ సంస్థ సోవాటెల్టైడ్ అనే మందుకు కూడా అనుమతి ఇచ్చింది. దాని మూడో దశ పరీక్షలో పాల్గొన్నది 158 మంది, థ్రాంబెక్టమీ పొందినవారు అందులో లేరు. అంటే ఈ వ్యాసం చర్చిస్తున్న స్థితికి, ధమని యాంత్రికంగా తెరుచుకున్న మెదడుకు, అది ఎంత పనికొస్తుందో ఆ అధ్యయనం చెప్పలేదు.

పెద్దగా హాని లేని మందు ఇస్తే పోయేదేముంది, పనిచేస్తే మంచిదే కదా అని ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వైద్యుడు నిస్సహాయంగా చూస్తూ ఉండలేడు, కుటుంబమూ ఏదైనా చేయమనే అడుగుతుంది. కానీ వైద్య ఖర్చులో పెద్ద భాగాన్ని కుటుంబాలే జేబు నుంచి పెట్టుకునే దేశంలో, రోజుల తరబడి సాగే రుజువులేని సూదుల ఖర్చు, తర్వాత నెలల తరబడి అవసరమయ్యే ఫిజియోథెరపీ డబ్బును తినేస్తుంది. ఫిజియోథెరపీ వల్ల మేలు కలుగుతుందన్నదానికి ఆ సూదుల కన్నా గట్టి ఆధారాలున్నాయి. ఇక తెలుగు రాష్ట్రాల్లో థ్రాంబెక్టమీ చేయగల కేంద్రాలు ప్రధానంగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లోనే ఉన్నాయి. శ్రీకాకుళం, ఆదిలాబాద్ జిల్లాల మారుమూల పల్లె నుంచి రోగి అక్కడికి చేరేలోపు గంటలు గడుస్తాయి. అందువల్ల రక్తం తిరిగి వచ్చాక జరిగే గాయం కంటే, దారిలో కరిగిపోయే పెనంబ్రాయే ఇక్కడ పెద్ద నష్టం. అంబులెన్సులోనే ఇవ్వదగిన, ఎంఆర్ఐ అవసరం లేని వంతెన చికిత్స ఏదైనా రుజువైతే, దానివల్ల ఎక్కువ లాభపడేది ఇలాంటి ప్రాంతాలే. ఓపెన్స్-2 వంటి ఫలితాలు మన పరిస్థితుల్లో మళ్లీ పరీక్షించదగినవి కావడానికి కారణం అదే.

నిర్ధారణ

రీపెర్ఫ్యూజన్ గాయం ఉందా లేదా అన్న పాత తగాదా ఇక అప్రస్తుతం. అది ఉంది. తెరవడం వల్ల కలిగే మేలు కంటే చిన్నది కూడా. రోగి రోగికీ, గంట గంటకూ దాని రూపం మారుతుంది. అందువల్ల మంచి రక్షక ఔషధం కోసం వెతకడంతోపాటు, ఏ రోగి మెదడులో ఆక్సీకరణ నడుస్తోందో, ఎవరిలో పిల్లనాళాలు మూసుకున్నాయో, ఎవరి కంచె తెగిందో పడక పక్కనే తేల్చే స్కాన్‌లు, రక్తపరీక్షలు కూడా కావాలి. పెనంబ్రాను చూడగలిగే స్కాన్ రాకముందు ఆరు గంటలు దాటిన రోగికి థ్రాంబెక్టమీ చేయడం సాహసమనిపించేది. సరైన రోగిని ఎంచగానే డాన్ అధ్యయనం అదే చికిత్సతో చరిత్ర సృష్టించింది. రక్షక ఔషధాలకూ అటువంటి ఎంపిక సాధనం కావాలి. అది వచ్చేదాకా వైద్యుడు నమ్మకంగా చేయగలిగినవి నాలుగు: ధమనిని వీలైనంత తొందరగా తెరవడం, తెరిచాక రక్తపోటును 180 దాటనివ్వకుండానే 140 కన్నా దిగువకు బలవంతంగా దించకపోవడం, జ్వరాన్నీ చక్కెరనూ మింగే సామర్థ్యాన్నీ పట్టించుకోవడం, రుజువులేని మందుల ఖర్చును తిరిగి నడవడం నేర్పే చికిత్సకు మళ్లించడం. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు, అయినా ఇప్పటివరకూ పరీక్షించిన రక్షక ఔషధాలన్నిటికన్నా బలమైన ఆధారాలు వీటికే ఉన్నాయి.